పదిహేడులో సగం

మధ్యాహ్నం రెండూ పదికి ఫోర్‌మన్ ప్రెస్సు గది తలుపుకి అంటించిన సీలు కాగితం చింపాడు. నాలుగింటికి ఆ మెషీన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు మార్చేస్తారు. మార్చాక వెతకడానికి ఏమీ మిగలదు. సాయంత్రానికి ఫైలు మూసేస్తారు. నా తమ్ముడి చావుకి కారణం ఆ ఫైల్లో ఒక్క వాక్యంగా ఉండిపోతుంది: "చెయ్యి లోపల పెట్టే ముందు హోల్డ్ బటన్ నొక్కలేదు."

నొక్కాల్సింది వాడితో పాటు అదే మెషీన్ మీద పనిచేసే వాడి భార్య, నా మరదలు. నొక్కానని తొమ్మిది రోజులుగా చెబుతూనే ఉంది. ఇప్పుడు గేటు దగ్గర వాచ్‌మన్ గదిలో కూర్చుని ఉంది. లోపలికి రావడానికి ఆమెకి అనుమతి లేదు. నాకుంది, కార్మిక సంఘం రాసిచ్చిన ఉత్తరం మీద, గంటా యాభై నిమిషాలకి.

"ఇక్కడ నిలబడగలరా అమ్మా?" అన్నాడు ఫోర్‌మన్.

"నిలబడ్డానుగా. చెప్పండి."

గదిలో ఉన్నది ఒక్కటే మెషీన్, రబ్బరు వాషర్లు అచ్చుపోసే వేడి ప్రెస్సు. కింద కదలని పలక, పైన నూనె ఒత్తిడితో దిగే పలక, ముందు జాలీ తలుపు. పక్కనున్న ఇనప పెట్టె మీద నాలుగు బటన్లు: ఎత్తు, దించు, వేడి, హోల్డ్. హోల్డ్ నొక్కితే పలక ఉన్నచోటే బిగిసిపోవాలి. ఎదురు గోడకి ఫ్రేము కట్టించిన రూలు వేలాడుతోంది. చెయ్యి లోపల పెట్టే ముందు హోల్డ్ నొక్కాలి. నేల కడిగేశారు. కడిగిన చోటు మిగతా నేల కన్నా తెల్లగా ఉంది. అటు ఒకసారి చూసి, మళ్ళీ చూడలేదు.

"ఈ రూలు ఎంతమంది పాటిస్తారు?"

"నిజం చెప్పమంటారా? పలక పైనుంటే ఎటూ కదలదు కదా అని ఎవరూ నొక్కరు. మీ తమ్ముడూ ఆ అమ్మాయీ తప్ప. ఇద్దర్నీ చూసి మిగతావాళ్ళు నవ్వుకునేవాళ్ళు. 'ఏరా, ఇంట్లో కంచం ముందు కూర్చునేటప్పుడు కూడా హోల్డ్ నొక్కుతుందా మీ ఆవిడ' అని."

"వాడేమనేవాడు?"

"'నొక్కకపోతే వడ్డించదు' అనేవాడు."

ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాను. కేసుకి అది అవసరం లేదు.

"ఐదో తారీకు జరిగింది వరసగా చెప్పండి. మీరు చూసింది, విన్నది మాత్రమే."

ఫోర్‌మన్ కిటికీ వైపు చెయ్యి చూపించాడు. "నేను ఆ కిటికీ అవతల ఉన్నాను. ఆరింటికి షిఫ్టు మొదలైంది. అచ్చు కొత్తది, ఆ రోజే బిగించాం. పది ముప్పై ఎనిమిదికి పలక దిగి అరవై ఒకటో దెబ్బ పడింది. పలక పైకెళ్ళింది. రబ్బరు అచ్చుకి అతుక్కుపోయింది. అతను జాలీ తలుపు తెరిచి 'హోల్డ్' అన్నాడు. ఆ అమ్మాయి 'వేశా' అంది. అతను వంగాడు."

నేను పేజీ తిప్పాను.

"టైము?"

"పది నలభై రెండు."

"'వేశా' అన్న మాట మీరు విన్నట్టు రిపోర్టులో లేదు."

"విన్నానని చెప్పానమ్మా. 'నొక్కడం కళ్ళతో చూశారా' అన్నాడు. చూళ్ళేదన్నాను. చూళ్ళేదన్నది రాసుకుని, విన్నది వదిలేశాడు."

"ఎవరు?"

"ఇంకెవరు, ఇస్త్రీ."

ప్రెస్సు తయారుచేసిన కంపెనీ తరపున దర్యాప్తు చేసే మనిషిని అందరూ అలాగే పిలుస్తారు. చొక్కా మీద ఎన్నడూ ఒక్క ముడత కనిపించదు. నాకు అతను కొత్త కాదు. దర్యాప్తుల్లోకి రాకముందు పన్నెండేళ్ళు నేను కంపైలర్లు రాశాను. మనిషి రాసిన ప్రోగ్రాంని చిప్‌కి అర్థమయ్యే అంకెల్లోకి మార్చే పనిముట్టు కంపైలర్. ఆ పన్నెండేళ్ళలో నాలుగేళ్ళు ఇస్త్రీ నా పక్క బల్ల. నన్ను కంపైలరమ్మ అని మొదట పిలిచింది అతనే. ఎదురుగా మాత్రం అక్కా అనేవాడు.

మెషీన్ తనంతట తను రాసుకునే లాగ్ ప్రకారం ఆ రోజు 'దించు' అరవై ఒక్కసార్లు. ఆఖరిది పది ముప్పై ఎనిమిదికి. ఆ తర్వాత దించూ లేదు, హోల్డూ లేదు. ఇస్త్రీ రిపోర్టు దాని మీదే నిలబడింది: ప్రోగ్రాంలో ఏ లోపమూ లేదు, ఎవరూ ఏ బటనూ నొక్కలేదు, హోల్డ్ లేకపోవడంతో పలక తన బరువుకి తనే జారింది.

మెషీన్ వెనక్కి వెళ్ళాను. పంపు వాల్వు పక్కన అరచేతిలో సగం ఉన్న ఇత్తడి మీటరు ఒకటి ఉంది. దాని మీద గాజు, గాజు కింద తిరిగే అంకెలు.

"ఇదేంటి?"

"దెబ్బల మీటరు. నూనె సీళ్ళు ఎన్ని దెబ్బలకి మార్చాలో తెలియడానికి మా ఫిట్టరు పెట్టుకున్నాడు. కంపెనీది కాదు. కరెంటుతో పని లేదు దానికి."

"ఎప్పుడు తిరుగుతుంది?"

"దించే వాల్వు తెరుచుకున్నప్పుడు. ఒక్కసారి తెరుచుకుంటే ఒక్క అంకె."

"పలక బరువుకి జారితే?"

"జారితే వాల్వుకేం సంబంధం? తిరగదు." అని, నా మొహం చూసి, తను కూడా వంగి గాజులోకి చూశాడు. "నలభై ఎనిమిది వేల రెండు వందల డెబ్బై రెండు."

షిఫ్టు రిజిస్టరు తెప్పించాను. ఐదో తారీకు పేజీలో, ఉదయం ఆరింటికి, నా మరదలి గుండ్రటి అక్షరాల్లో: నలభై ఎనిమిది వేల రెండు వందల పది. సాయంత్రం అంకె రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.

"తేడా ఎంత?"

ఫోర్‌మన్ పెదాలు కదిలాయి. "అరవై రెండు."

"లాగ్‌లో అరవై ఒకటి. తర్వాత మెషీన్ ఎవరైనా నడిపారా?"

"లేదమ్మా. పలకని చేతి పంపుతో ఎత్తి అతన్ని తీశాం. అప్పుడే సీలు వేశారు." ఆయన నిలువునా లేచాడు. "అంటే జారలేదు. ఏదో దించింది."

టైము రెండూ ముప్పై రెండు.

బోర్డు మార్చడానికి వచ్చిన ప్రోగ్రామర్ పక్క గదిలో ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ పై అంతస్తులో ఓనరుతో మాట్లాడుతున్నాడు, మూడింటికి గానీ దిగడు. ఫోర్‌మన్‌ని వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళి, తలుపు వేశాను.

"నేనెవరో తెలుసా?"

"తెలుసు మేడం." అతని చూపు నా మొహం మీద నిలవలేదు. "మీరు... ఆయన అక్కగారు."

"అది పక్కన పెట్టు. కంపైలర్లు రాసినదాన్ని. ఈ బోర్డు ఎప్పుడు పెట్టారు?"

"పోయిన నెల ఇరవై ఆరున. పాత బోర్డు చిప్ దొరకడం మానేసింది. ఇది వేరే రకం చిప్."

"ప్రోగ్రాం?"

"పాతదే. కొత్త చిప్‌కి తగ్గట్టు నేను మార్చాను."

"హోల్డ్ బటన్‌కి కట్టిన మెంబర్ ఫంక్షన్ పాయింటర్ చూపించు. అదేంటో ముందు ఈయనకి అర్థమయ్యేలా చెప్పు. ఈయనకి అర్థమైతే జడ్జికీ అర్థమవుతుంది."

అతను తడబడుతూ మొదలుపెట్టాడు. "బటన్ నొక్కితే ఏ పని చెయ్యాలో ఒక చీటీలో రాసి ఉంటుందండీ. ఆ చీటీని పాయింటర్ అంటాం. విడి ఫంక్షనైతే ఒక్క అడ్రసు చాలు. కానీ ఒక పెద్ద వస్తువులో భాగమైన ఫంక్షనైతే చీటీలో రెండు పెట్టెలుంటాయి. ఏ పని అన్నది మొదటి పెట్టెలో. ఆ పని కోసం వస్తువులో ఎంత లోపలికి జరగాలన్నది రెండో పెట్టెలో."

"గది నంబరూ, ఇంటి నంబరూ" అన్నాడు ఫోర్‌మన్.

"అలాగే అనుకోండి" అన్నాను, తెర మీది ప్రోగ్రాం చూస్తూ. "ఈ మెషీన్ ప్రోగ్రాంలో మూడు ఇళ్ళు వరసగా ఉన్నాయి. సున్నా దగ్గర ఏముంది?"

"ప్యానెల్" అన్నాడు ప్రోగ్రామర్.

"ఎనిమిది దగ్గర?"

"భద్రత. హోల్డ్ దాంట్లోది."

"పదహారు దగ్గర?"

"కదలిక." గొంతు తగ్గింది. "పలకని నడిపేది."

"చీటీలో ఇంకో గుర్తు కూడా ఉండాలి. మొదటి పెట్టెలో ఉన్నది నేరుగా అడ్రసా, గది నంబరా అన్న గుర్తు. పాత చిప్‌కి ఆ గుర్తు ఎక్కడ పెట్టేవాళ్ళు?"

"మొదటి పెట్టెలోనే. ఆ చిప్ మీద ఫంక్షన్ అడ్రసులన్నీ సరిసంఖ్యలు. అందుకని అక్కడ బేసి సంఖ్య కనిపిస్తే గది నంబరని అర్థం."

"ఈ చిప్‌కి?"

"దీని మీద అడ్రసులన్నీ బేసే. చివరి బిట్, అంటే సరో బేసో చెప్పే అంకె, చిప్ తన పనికి వాడుకుంటుంది. అందుకని కంపైలర్ ఆ గుర్తుని రెండో పెట్టెలోకి మారుస్తుంది. దూరాన్ని రెట్టింపు చేసి, గది నంబరైతే చివర ఒకటి కలుపుతుంది."

"ఈ పెట్టెలు కట్టేదీ విప్పేదీ కంపైలరే. మనిషి వేలు పెట్టకూడదు. నువ్వెందుకు పెట్టావు?"

"పాత ప్రోగ్రాంలోనే చేత్తో విప్పే కోడుంది మేడం. కాస్త వేగంగా పనిచేస్తుందని ఎవరో ఎప్పుడో రాశారు. తీసేస్తే మళ్ళీ అన్నీ టెస్టు చెయ్యాలి, టైము లేదన్నారు. గుర్తు రెండో పెట్టెలో వెతికేలా మార్చి ఊరుకున్నాను."

"హోల్డ్ చీటీలో మొదటి పెట్టెలో ఉన్నది మూడో గది. రెండో పెట్టె చదువు."

ల్యాప్‌టాప్ చూడాల్సిన అవసరం లేకుండానే చెప్పాడు. "పదిహేడు."

"గుర్తు తీసేస్తే?"

"పదహారు."

"పదిహేడులో సగం ఎంత అని కంపైలర్‌ని అడిగితే, మిగిలిన ఒకటి వదిలేసి ఎనిమిది అంటుంది. నీ కోడు ఎంతంది?"

ఫోర్‌మన్ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాడు.

"సగం చెయ్యడం మర్చిపోతే పదహారే" అన్నాడు ఫోర్‌మన్ నెమ్మదిగా. "పదహారు దగ్గరుంది కదలిక ఇల్లు. రెండో ఇంట్లో మూడో గదికి వెళ్ళమంటే, మూడో ఇంట్లో మూడో గదికి వెళ్ళింది. ఆ గదిలో ఏముంది బాబూ?"

"దించడం" అన్నాడు ప్రోగ్రామర్.

నోటుబుక్కులో ఆ మాట రాసి, పక్కన టైము వేశాను.

మిగతాది నేనే అడిగి పూర్తిచేశాను. మిగిలిన మూడు బటన్ల పనీ ప్యానెల్ ఇంట్లో మొదలవుతుంది, ఆ దూరం సున్నా, సున్నాకి రెట్టింపు సున్నానే. అందుకే వాటికేమీ కాలేదు. జాలీ తలుపు తెరిచి ఉందో లేదో చూడ్డం, 'దించు' అని లాగ్‌లో రాయడం కూడా ప్యానెల్ పనే. నేరుగా కదలిక ఇంట్లో పడితే తలుపు చూసేవాళ్ళు లేరు, రాసేవాళ్ళు లేరు. హోల్డ్ తన వాక్యం తను రాసుకోవాలి. అది అసలు నడవనే లేదు. ఈ బోర్డు వచ్చాక నా తమ్ముడి షిఫ్టులో రబ్బరు అతుక్కుని చెయ్యి పెట్టాల్సి వచ్చింది ఆ ఒక్కసారేనని, మిగతా షిఫ్టులవాళ్ళు హోల్డ్ ముట్టుకోరని ఫోర్‌మన్ చెప్పాడు.

"హోల్డ్ టెస్టు చేశారా?"

"చేశాం. పలక కింద ఉన్నప్పుడు నొక్కాం. కదల్లేదు. పాసైందని రాశాం."

"కిందున్నది ఇంకా ఎక్కడికి దిగుతుంది నాయనా" అన్నాడు ఫోర్‌మన్.

ల్యాప్‌టాప్ నా వైపు తిప్పుకున్నాను. ఈ రోజు పెట్టబోయే బోర్డులోకి ఎక్కించాల్సిన కొత్త ప్రోగ్రాం తెర మీద ఉంది. అందులో సగం చేసే వరస చేరింది. ఫైలు తయారైన తారీకు కోసం వెతికాను. కనిపించాక, తప్పు చదివానేమోనని మళ్ళీ చదివాను. మూడో తారీకు, సాయంత్రం ఐదూ ఇరవై.

"నా తమ్ముడు పోయింది ఐదో తారీకు" అన్నాను.

ప్రోగ్రామర్ రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. "ఒకటో తారీకున వేరే ఫ్యాక్టరీ నుంచి కంప్లైంటొచ్చింది మేడం, హోల్డ్ నొక్కితే పలక దిగిందని. అక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. మూడో తారీకుకి నాకు తప్పు దొరికింది. సరిచేసి సార్‌కి చెప్పాను. నెలాఖరున మామూలు అప్‌డేట్‌తో కలిపి పంపుదామన్నారు. ఇప్పుడు అందరికీ ఫోన్లు చేస్తే తప్పు ఒప్పుకున్నట్టేనన్నారు."

"ఏ సారు?"

"ఇస్త్రీ సారు. కంప్లైంట్లన్నీ ఆయన దగ్గరికే వెళ్తాయి."

"ఇలాంటివి ఎన్నున్నాయి?"

"తొమ్మిది. ఇది పోను ఎనిమిది."

"అవి?"

"నడుస్తున్నాయి."

"ఫోన్ తియ్యి. ఎనిమిది చోట్లకీ నువ్వే చెయ్యి. మెయిన్ స్విచ్ ఆపమను, హోల్డ్ ముట్టుకోవద్దను. తర్వాత ఇప్పుడు చెప్పిందంతా రాసి సంతకం పెట్టు."

చేశాడు. ఒక్కో చోట ఒక్కో నిమిషం. ఆఖరివాడికి చెప్పేటప్పుడు ఏడ్చాడు. రాసేటప్పుడు అక్షరాలు మాత్రం కుదురుగానే ఉన్నాయి.

ఈ గదిలోకి రాకముందు, తప్పు రాసినవాడు కనబడితే వాడి జీవితం నాశనం చెయ్యాలని అనుకున్నాను. తొమ్మిది రోజులు ఆ ఆలోచనతోనే నిద్ర లేచాను, పళ్ళు తోముకున్నాను, నలుగురితో మాట్లాడాను. ఇప్పుడు తప్పు రాసినవాడు నా ముందు ముక్కు తుడుచుకుంటున్నాడు. ఇతని మీద నాకు కోపం మిగల్లేదు. మిగలకపోవడమేమిటి, మొత్తంగా తీసుకెళ్ళి ఇంకొకరి మీద పెట్టాను.

మూడూ ఐదుకి తలుపు తెరుచుకుంది.

"అక్కా, ఇక్కడున్నారా? పైన టీ చల్లారిపోతోంది."

ఆ పిలుపుతో నన్ను పిలిచేవాళ్ళు ఇద్దరుండేవారు. మిగిలింది ఇతను.

ఇస్త్రీ బల్ల మీది కాగితం చూశాడు, ప్రోగ్రామర్‌ని చూశాడు. ఇద్దర్నీ బయటికి పొమ్మని తల ఊపాడు. ప్రోగ్రామర్ వెళ్ళిపోయాడు. ఫోర్‌మన్ కదల్లేదు.

"మీకు వేరే చెప్పాలా?"

"నా జీతం మీరివ్వట్లేదు సార్" అన్నాడు ఫోర్‌మన్.

ఇస్త్రీ నవ్వి కుర్చీ లాక్కున్నాడు. "సొంత తమ్ముడి కేసు తనే చూసుకోవడం ఏ దర్యాప్తులో ఉందక్కా?"

"సొంత తప్పు మీద తనే రిపోర్టు రాసుకునే దర్యాప్తు ఉన్నప్పుడు, ఇదీ ఉంటుంది."

కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివి, మడతలు సరిచేసి, ఉన్నచోటే పెట్టాడు. "పాత చెయ్యి పోలేదు మీకు. మా వాళ్ళకి రెండు రోజులు పట్టింది."

"నాకు పావుగంట. నీకు ఫోన్ చెయ్యడానికి ఎంత పట్టేది?"

"తొమ్మిది చోట్ల మెషీన్లు ఆపించి, తప్పు మాదేనని చెప్పుకుంటే కంపెనీ మిగిలేదా?"

"కంపెనీ సంగతి నాకనవసరం. నువ్వు మిగలకూడదు. నీ సంతకం ఎక్కడ కనిపించినా జనం చెయ్యి వెనక్కి లాక్కోవాలి. నిన్ను ఆ గతికి తెచ్చేదాకా నేను ఇంకో కేసు పట్టుకోను."

అతను చాలాసేపు నన్ను చూశాడు. ఎక్కడ నొక్కాలో వెతుకుతున్నాడని నాకు తెలుసు. వెతకడం అతనికి నేర్పింది నేనే.

"ఒక్క మాట అడుగుతాను. మీ కాగితం ప్రకారం హోల్డ్ నొక్కారు. ఎవరు నొక్కారు?"

నేను కాగితం నా వైపు లాక్కున్నాను.

"నొక్కకుండా ఉంటే? చెప్పండక్కా, మీకు తెలిసినంత ఎవరికీ తెలీదు. పలక పైనే ఉండేది. మీ తమ్ముడు ఆ రబ్బరు ముక్క తీసి, చేతులు కడుక్కుని, ఇంటికొచ్చేవాడు." గొంతు ఒక్క మెట్టు కూడా పెంచలేదు. "నా రిపోర్టులో ఆ అమ్మాయి ఒక పని మర్చిపోయింది. మర్చిపోయినదాన్ని ఎవరైనా క్షమిస్తారు. మీ రిపోర్టులో మొగుణ్ణి ఆమె వేలే చంపింది. ఈ రెంటిలో ఏది మోస్తూ బతకమంటారు ఆమెని?"

ఫోర్‌మన్ కుర్చీ చప్పుడైంది. నేను చెయ్యెత్తి ఆపాను.

"నేను మంచే చెబుతున్నాను" అన్నాడు ఇస్త్రీ. "'హోల్డ్ నొక్కలేదు' అన్న వాక్యం తీసేస్తాను. 'కారణం తేలలేదు' అని రాద్దాం. ఎవరి పేరూ ఉండదు. ఆమెదీ ఉండదు, నాదీ ఉండదు. నాలుగింటిలోపు చెప్పండి. ముందు ఆ అమ్మాయిని అడిగి చెప్పండి, ధైర్యముంటే."

వాచ్‌మన్ గది చేరేసరికి మూడూ ఇరవై. నా మరదలు స్టూలు మీద, వీపు గోడకి ఆనించకుండా కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది.

"దొరికాడా వదినా?"

కారణం దొరికిందా అని అడగలేదు. దొరికాడా అని అడిగింది.

"దొరికాడు."

"మరి మీ మొహం అలా ఉందేం?"

"కూర్చో." నేనూ కూర్చున్నాను. దారి పొడుగునా వాక్యాలు కూర్చుకుంటూ వచ్చాను. ఒక్కటీ నోటికి రాలేదు. "నువ్వు హోల్డ్ నొక్కావు. రుజువుంది. ఇక నువ్వు నొక్కలేదని ఎవరూ అనలేరు."

"నొక్కానని నాకు తెలుసుగా."

"అది కాదమ్మాయ్. ఆ బోర్డులో ఒక తప్పుంది. దానివల్ల హోల్డ్..."

"నొక్కాకే దిగిందని చెప్పబోతున్నారు" అంది. "అంతేగా?"

నేను ఆమె వైపు చూశాను.

"నా వేలు బటన్ మీదే ఉంది వదినా. బటన్ లోపలికెళ్ళింది, పలక కదిలింది. రెంటికీ మధ్య ఏమీ లేదు. నాకు తెలియకుండా ఎలా ఉంటుంది?" చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. "నొక్కాను నొక్కాను అని నేను మొత్తుకుంటుంటే, తప్పించుకోవడానికి అంటోందనుకున్నారు అందరూ. తప్పించుకోవాలంటే నొక్కలేదంటే సరిపోయేది. మర్చిపోయానని రెండు కన్నీళ్ళు కారిస్తే సరిపోయేది."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీ తమ్ముడు కదా. మీరు నన్ను ఎలా చూస్తారోనని భయమేసింది. అయినా మీరే కనిపెడతారని తెలుసు. అందుకే ఈ కేసు మిమ్మల్నే తీసుకోమన్నాను."

ఆమెని నేను ఎలా చూశానో నాకు తెలీదు. ఆమె తల దించుకోలేదు. ఇస్త్రీ అన్నదంతా చెప్పాను, మూడో తారీకు సంగతి కూడా. విన్నంతసేపూ కొంగు చుట్టడం ఆపింది.

"అంటే అప్పటికే తెలుసు అతనికి."

"తెలుసు."

"బోర్డు ఇంకా మార్చలేదుగా?"

"నాలుగింటికి."

"ఇప్పుడెంతైంది?"

"మూడూ ముప్పై అయిదు."

"పదండి."

వాచ్‌మన్ అడ్డం రాలేదు. ప్రెస్సు గదిలో అప్పటికే ఓనరు ఉన్నాడు, బోర్డు మార్చే కాగితం మీద సంతకం పెట్టడానికి దిగివచ్చాడు. పక్కన ఇస్త్రీ, ప్రోగ్రామర్, ఫోర్‌మన్. తలుపు దగ్గర పక్క షెడ్డు నుంచి వచ్చిన నలుగురైదుగురు. నా మరదలు వాళ్ళ మధ్య నుంచి నడిచి, తొమ్మిది రోజుల కిందట తను నిలబడ్డ చోటికి వెళ్ళి, బటన్ల పెట్టె ముందు ఆగింది.

"సార్, ప్రోగ్రాంలో ఏ లోపమూ లేదని మీరు రాశారు కదా?"

ఇస్త్రీ నా వైపు చూశాడు. "అమ్మా, మీరు ఇప్పుడు ఇక్కడికి..."

"రాశారా లేదా?"

"రాశాం."

"సంతకం మీదే?"

"నాదే."

"అయితే ఆ జాలీ తలుపు తెరిచి చెయ్యి లోపల పెట్టండి. నేను హోల్డ్ నొక్కుతాను. లోపం లేకపోతే పలక కదలదు."

ఎవరూ ఏమీ అనకముందే ఫోర్‌మన్ గోడ దగ్గరికెళ్ళి మెయిన్ వేశాడు. పంపు గుర్రుమంది. ఆపాల్సింది నేను. ఆ గదిలో అప్పటికి చట్టం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నోరు తెరవలేదు. అతను చెయ్యి పెట్టాలని కోరుకున్నాను.

"ఇదేం పద్ధతి సార్?" అన్నాడు ఇస్త్రీ ఓనరుతో.

"పెట్టవయ్యా" అన్నాడు ఓనరు. "నీ మెషీనేగా. రోజూ మా వాళ్ళు పెడుతున్నారు."

ఇస్త్రీ రెండడుగులు ముందుకేశాడు. జాలీ తలుపు తెరిచాడు. చొక్కా చెయ్యి మోచేతిదాకా మడిచాడు. అతని చెయ్యి తలుపు చట్రం దాకా వెళ్ళి అక్కడే నిలిచింది. నా మరదలు వేలు బటన్ మీద ఆనించి, అతని మొహంలోకే చూస్తోంది.

"హోల్డ్ అనండి" అంది. "ఆయన అనేవారు."

అతను చెయ్యి వెనక్కి తీసి జేబులో పెట్టుకున్నాడు.

"బోర్డు మార్చాక పెడతాను."

అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. ప్రోగ్రామర్ నేల చూశాడు. ఓనరు చేతిలోని పెన్నుకి మూత పెట్టాడు.

"మార్చకముందు పెడితే ఏమవుతుంది?" అన్నాడు ఓనరు.

ఇస్త్రీ తలుపు దగ్గర నిలబడ్డ మనుషుల వైపు చూశాడు. వాళ్ళు దారి ఇవ్వలేదు.

నా మరదలు హోల్డ్ నొక్కింది.

పలక దిగింది. ఖాళీ అచ్చు మీద పడి ఆగింది. గది అంతా అదిరి, మళ్ళీ పంపు చప్పుడొక్కటే మిగిలింది. ఆమె వేలు తియ్యలేదు. మొహంలో ఏ కదలికా లేదు.

"ఆ రోజూ ఇంతే సేపు పట్టింది" అంది, ఎవరినీ చూడకుండా. తర్వాత నా వైపు తిరిగింది. "రాసుకోండి వదినా. నొక్కింది నేనేనని రాయండి. నాకేం భయం లేదు. నొక్కించింది ఎవరో దాని కిందే రాయండి."

నోటుబుక్కు తీశాను. మూడూ నలభై ఏడు. ముందు ఆమె పేరు రాశాను. దాని కింద, ఒక్కో అక్షరమూ విడివిడిగా, అతని పూర్తి పేరు రాశాను.